పిల్లల్లో స్క్లెరోడెర్మా: గట్టిపడే మచ్చను ఎలా గుర్తుపట్టాలి, ఎలా కొలవాలి, మందు ఎలా వాడించాలి

కొండమీద గుండు చేయించిన నెలకు బిడ్డ తలంతా నల్లగా వెంట్రుక మొలిచి, నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక్క గీత మేర మాత్రం నున్నగా మిగిలిపోయిందనుకోండి. కల్యాణకట్టలో కత్తి గీసుకుందేమో అనుకుంటాం. కత్తి గాటయితే చెక్కు కడుతుంది, వారం పది రోజుల్లో రాలిపోతుంది. ఈ గీత అలా ఉండదు. వేలు పెట్టి తడిమితే పక్క చర్మం కంటే కాస్త పల్లంగా, మైనం రుద్దినట్టు నున్నగా, కింది ఎముకకు అతుక్కున్నట్టు తగులుతుంది. రెండు వేళ్లతో పట్టి మడత పెట్టబోతే మడత పడదు. అది గుండు వల్ల వచ్చింది కాదు. జుట్టు కింద ఎప్పటినుంచో ఉన్నది గుండుతో బయటపడింది.

ఇలాంటిదే కాలిమీదో, చేతిమీదో, నడుముమీదో రావచ్చు. దీని పేరు స్క్లెరోడెర్మా. గ్రీకు భాషలో గట్టి చర్మం అని అర్థం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దారితప్పి సొంత చర్మం మీదికే మళ్లుతుంది. మొదట ఆ చోట లోలోపల వాపు వస్తుంది, తర్వాత కొల్లాజెన్ అనే పీచు అవసరానికి మించి పేరుకుని చర్మాన్ని బిగిస్తుంది. ఇది అంటుకోదు. క్యాన్సర్ కాదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తిన్నందుకో, గ్రహణం చూసినందుకో రాదు. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పేయండి, లేకపోతే తల్లి ఏళ్ల తరబడి ఆ మాట మోస్తుంది.

పిల్లల్లో వచ్చేది ఎక్కువగా చర్మానికీ, దాని కింద ఉన్న కొవ్వు, కండ, ఎముకకూ పరిమితమయ్యే రకం. చీటీ మీద డాక్టర్లు మార్ఫియా అని, గీతలా సాగితే లీనియర్ స్క్లెరోడెర్మా అని రాస్తారు. బడికి పోయే వయసులో ఎక్కువగా మొదలవుతుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. ఊపిరితిత్తులకూ, గుండెకూ, పేగులకూ పాకే సిస్టమిక్ స్క్లెరోసిస్ పిల్లల్లో చాలా అరుదు. ఫోన్లో వెతికితే కనపడే భయపెట్టే ఫోటోలు దాదాపు అన్నీ పెద్దవాళ్లకు వచ్చే ఆ రెండో రకానివే. మార్ఫియా ముదిరి సిస్టమిక్‌గా మారడం ఎక్కడో తప్ప జరగదు.

అలాగని చిన్న మచ్చే కదా అని వదిలేయకూడదు. పెద్దవాళ్లకైతే మచ్చ మచ్చగానే ఉండిపోవచ్చు. పెరిగే పిల్లలకు ఆ మచ్చ కింద పెరుగుదల ఆగిపోతుంది. మోకాలి మీదుగా గీత దిగితే ఆ మోకాలు పూర్తిగా చాపలేకపోవచ్చు, ఆ పిక్క సన్నబడొచ్చు, ఆ కాలు రెండోదానికంటే పొట్టి కావచ్చు. గట్టిపడిన చర్మం మందుతో చాలావరకు మెత్తబడుతుంది. పొట్టిపడిన ఎముకను మాత్రం మందు పొడుగు చేయలేదు. ఇక్కడ కొలతల గురించి ఇంతగా చెప్పేది అందుకే.

ముందు ఇంట్లో చూడాల్సింది

పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో వరండా నీడలో బిడ్డను కూర్చోబెట్టండి. ట్యూబులైటు కింద చూడొద్దు. పుస్తకాల్లో మచ్చ చుట్టూ ఎర్రటి అంచు ఉంటుందని రాస్తారు. మన చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు ఎరుపుగా కనపడదు, నేరేడుపండు తొక్క రంగులోనో ముదురు గోధుమగానో ఉంటుంది. ఎరుపు కోసం వెతుకుతూ జబ్బు చురుగ్గా ఉన్న నెలలన్నీ పోగొట్టుకోవడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. అంచు రంగుతో పాటు వేడి కూడా చూడండి. అరచేతి వెనకవైపు మచ్చమీద ఒకసారి, రెండోవైపు అదే చోట ఒకసారి ఆనించండి. మచ్చ కాస్త వెచ్చగా తగిలితే లోపల వాపు ఇంకా నడుస్తోందని అనుమానించాలి.

తర్వాత మచ్చమీది చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో మెల్లగా పట్టి ఎత్తండి, రెండో కాలిమీద సరిగ్గా అదే చోట అలాగే చేయండి. ఈ రెండింటి తేడాయే మీకు అందరికంటే ముందు విషయం చెబుతుంది. బొల్లి అయితే చర్మం పాలలా తెల్లబడుతుంది గానీ మెత్తగానే ఉంటుంది, మడత పడుతుంది. తామర అయితే అంచు పొట్టు లేచి బాగా దురద పెడుతుంది. కుష్టు మచ్చ అయితే స్పర్శ తగ్గుతుంది. బిడ్డను కళ్లు మూసుకోమని, దూదిని పోగులా పేని మచ్చమీద తాకించి ఎక్కడ తాకిందో వేలు పెట్టి చూపమనండి. తెలియకపోతే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి, కుష్టు మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. దెబ్బ తగిలి కమిలిన మచ్చ అయితే రెండు మూడు వారాల్లో రంగులు మారి పోతుంది. నెల దాటినా పోకుండా గట్టిపడుతూ, పొడుగు సాగుతూ ఉన్నది వీటిలో ఏదీ కాకపోవచ్చు.

ఇక బిడ్డతో నాలుగు పనులు చేయించండి. నమస్కారం పెట్టమనండి, అరచేతులూ వేళ్లూ మొదలు నుంచి కొన దాకా ఆనాలి, మధ్యలో సందు మిగిలితే వేళ్లు పూర్తిగా చాపుకోవట్లేదు. గొంతుకూర్చోమనండి, రెండు మడమలూ నేలకు ఆనాలి. బాసింపట్టు వేసుకోమనండి, ఒక మోకాలు మరీ పైకి లేచి ఉంటే రాసి పెట్టుకోండి. నోరు తెరిచి తన మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమనండి. ఈ పిల్లల్లో చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టే ఆటలో కాలు వంకరగా వేస్తున్నా ఎవరూ పట్టించుకోరు.

ఈ దశలో చేయకూడనివి కూడా ఉన్నాయి. మెడికల్ షాపులో అడిగితే తామరకని ఇచ్చే త్రీ ఇన్ వన్ క్రీముల్లో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, డాక్టరు చూసేసరికి అసలు మచ్చ ఏదో, క్రీము చేసిన చెరుపు ఏదో తెలియకుండా పోతుంది. ఆకుపసరు కట్టడం, వాతలు పెట్టించడం అసలు వద్దు. ఈ చర్మం కాలితే తొందరగా మానదు.

ఎవరికి చూపించాలి, ఏం తీసుకుపోవాలి

మొదట చర్మవ్యాధుల డాక్టరు. తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మ విభాగం ఓపీకి పొద్దున్నే పోయి చీటీ రాయించుకోవచ్చు. చిత్తూరు వైపు వాళ్లు జిల్లా ఆసుపత్రిలో మొదలుపెట్టొచ్చు. మచ్చ గీతలా ఉన్నా, కీలు దాటినా, ముఖంమీదో తలమీదో ఉన్నా, నాలుగైదు చోట్ల ఉన్నా చర్మం డాక్టరుతో ఆగకుండా రుమటాలజిస్టు, అంటే కీళ్ల జబ్బులూ ఇలా రోగనిరోధక శక్తి దారితప్పే జబ్బులూ చూసే డాక్టరు దగ్గరికి రాసివ్వమని అడగండి. పిల్లల రుమటాలజిస్టు దొరికితే ఇంకా మంచిది. వేలూరు సీఎంసీలో రుమటాలజీ విభాగం ఉంది. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే రైళ్లున్నాయి, చిత్తూరు నుంచైతే బస్సులో గంట, గంటన్నర. చెన్నైలోనూ పిల్లల రుమటాలజిస్టులు ఉన్నారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే బయలుదేరే ముందే ఆరోగ్యమిత్రను అడిగి, ఏ ఆసుపత్రిలో ఏ పరీక్ష వర్తిస్తుందో తెలుసుకోండి. అక్కడికి పోయాక అడిగితే ఆ రోజంతా కౌంటర్ల దగ్గరే అయిపోతుంది.

ఒక ఫైలు పెట్టుకోండి. అందులో తేదీ వేసిన ఫోటోలు, కొలతల కాగితం, టీకాల కార్డు, ఇప్పటిదాకా రాసిన క్రీముల ఖాళీ ట్యూబులు ఉండాలి. ట్యూబులు పారేయొద్దు. "ఏదో తెల్ల క్రీము రాశాం సార్" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు.

పరీక్షలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

మార్ఫియా ఉందని ఖాయంగా చెప్పే రక్తపరీక్ష లేదు. చూసి, తడిమి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపి నిర్ధారిస్తారు. ముక్క తీసేటప్పుడు చర్మం పైపొర ఒక్కటే చాలదు, కింది కొవ్వు దాకా లోతుగా తీయాలి, ఎందుకంటే ఈ జబ్బు ఆ లోతులోనే ఉండొచ్చు. ఏఎన్ఏ అనే పరీక్ష ఈ పిల్లల్లో చాలామందికి పాజిటివ్ వస్తుంది. ఆ కాగితం చూసి ల్యూపస్ అనే ఇంకో రోగనిరోధక జబ్బు అనుకుని హడలిపోకండి. ఒంట్లో వాపును చూపే ఇఎస్ఆర్ అనే రక్తపరీక్ష మామూలుగా వచ్చిందని జబ్బు లేదనుకోకండి, చర్మం చురుగ్గా గట్టిపడుతున్నా ఇఎస్ఆర్ మామూలుగా ఉండటం కద్దు.

ముఖంమీదో తలమీదో గీత ఉంటే ఇంకో రెండు తప్పనిసరి. ఒకటి కంటి పరీక్ష. కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపల వాపు రావచ్చు, కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తే తప్ప తెలియదు. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, చీటీలో జబ్బు పేరు చూపించి ఈ పరీక్ష కావాలని అడగండి. రెండోది మెదడు ఎమ్మారై. నుదుటి మీది గీత ఉన్న కొందరు పిల్లలకు తలనొప్పి, ఫిట్స్ రావచ్చు, ఏ లక్షణమూ లేకపోయినా ఎమ్మారైలో తేడా కనపడొచ్చు. దవడ మీదికి గీత దిగితే పళ్ల డాక్టరుకు కూడా చూపించాలి, ఆ వైపు పళ్లు, దవడ ఎముక సరిగా పెరగకపోవచ్చు.

కొలతలు: నెలకోసారి, ఒకే చేతితో

డాక్టరు మూడు నెలలకోసారి పది నిమిషాలు చూస్తారు. మిగతా రోజులన్నీ బిడ్డ మీ కళ్లముందే ఉంటుంది. అయితే రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, అందుకే టేపు. నెలలో ఒక తేదీ పెట్టుకోండి, ఇంట్లో ఒకరే కొలవాలి. చేతులు మారితే కొలతలూ మారతాయి.

ఫోటోతో మొదలుపెట్టండి. అదే వరండా, అదే వేళ, ఫ్లాష్ లేకుండా, రెండడుగుల దూరం నుంచి. మచ్చ పక్కన బడి స్కేలు ఆనించి ఉంచండి. దగ్గరగా ఒకటి, రెండు కాళ్లూ కలిసి కనపడేలా ఒకటి తీయండి. ఫోన్లో బ్యూటీ మోడ్ తీసేయడం మరవొద్దు, అది చర్మం రంగునే మార్చేస్తుంది.

తర్వాత ఒక పలచటి ప్లాస్టిక్ షీటు మచ్చమీద పరిచి, మార్కర్ పెన్నుతో అంచు గీయండి. షీటుమీద తల వైపు ఏదో, కాళ్ల వైపు ఏదో బాణం వేసి, తేదీ రాయండి. వచ్చే నెల షీటును దీనిమీద పెడితే మచ్చ సాగిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. బిడ్డ పొడుగయ్యే కొద్దీ మచ్చ కూడా కొంచెం సాగుతుంది, కాబట్టి ఏడాదిలో అర సెంటీమీటరు పెరిగితే కంగారు పడొద్దు. ఒక్క నెలలో ఒకే వైపు వేలెడు సాగితే మాత్రం ఫోన్ చేయాలి.

కాలి చుట్టుకొలతకు టైలర్ టేపు చాలు. మోకాలిచిప్ప కింది అంచు నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో చుక్క పెట్టండి, అక్కడ పిక్క చుట్టూ టేపు తిప్పండి. చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి తొడ దగ్గర మళ్లీ ఒకటి. రెండు కాళ్లకూ చేయండి. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. చేతికైతే మోచేతి ముడత నుంచి కిందికీ పైకీ కొలవండి. కుడి ఎడమల మధ్య అర సెంటీమీటరు తేడా ఎవరికైనా ఉంటుంది. చూడాల్సింది ఆ తేడా నెలనెలా పెరుగుతోందా అని.

కాలి పొడుగుకు టేపుకంటే నోటుబుక్కులు నయం. బిడ్డను గోడకు వీపు ఆనించి చెప్పుల్లేకుండా నిలబెట్టండి. మోకాళ్లు రెండూ చాపి ఉండాలి. మీరు ఎదురుగా కూర్చుని నడుముకు ముందువైపు రెండు పక్కలా తగిలే ఎముక కొనల మీద బొటనవేళ్లు పెట్టండి. ఒకటి కిందికి ఉంటే ఆ కాలి కింద పలచటి నోటుబుక్కు ఒక్కొక్కటే పెడుతూ రండి. రెండు వేళ్లూ సమానమయ్యాక ఆ పుస్తకాల దొంతర మందాన్ని స్కేలుతో కొలిస్తే అదే తేడా. సెంటీమీటరు దాటితే డాక్టరుకు తప్పక చూపించండి. చెప్పు లోపల మడమ కింద ఎత్తు వేయించాల్సి రావచ్చు, తేడా 2 సెంటీమీటర్లకు మించి పోతుంటే ఎముకల డాక్టరు సలహా కావాలి. మోకాలు పూర్తిగా చాపలేని బిడ్డకు ఈ కొలత తప్పు చూపిస్తుంది, అలాంటప్పుడు ఎక్స్‌రేతో కొలిపించాలి.

మెథోట్రెక్సేట్: వారానికి ఒక్కసారే

పైపైన ఉన్న చిన్న మచ్చకు టాక్రోలిమస్ లాంటి పూతమందు సరిపోవచ్చు. లోతుకు దిగిన గీతకు పూత చాలదు. అలాంటి పిల్లలకు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. 2019లో అచ్చయిన యూరప్ నిపుణుల సిఫార్సుల ప్రకారం మోతాదు వారానికి చదరపు మీటరు ఒంటి వైశాల్యానికి 15 మిల్లీగ్రాములు. ఉదాహరణకు 20 కిలోల బరువు, 115 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బిడ్డ ఒంటి వైశాల్యం సుమారు 0.8 చదరపు మీటర్లు, అంటే వారానికి 12 మిల్లీగ్రాముల దగ్గర. లెక్క వేసేది డాక్టరే. మీరు దాన్ని తెలుసుకోవాల్సింది ఎందుకంటే, బిడ్డ ఏడాదిలో మూడు నాలుగు కిలోలు పెరిగినా పాత మోతాదే నడుస్తుంటే "బరువు పెరిగింది, మోతాదు చూడండి" అని మీరు గుర్తుచేయాలి.

ఈ మందుతో ప్రాణం మీదికొచ్చే పొరపాటు ఒకటే, వారానికి వేయాల్సింది రోజూ వేయడం. ఎముకల్లోని మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లవుతుంది. కొన్నప్పుడే షాపతని చేత మాత్రల కవరుమీద "వారానికి ఒక్కసారి, శనివారం" అని తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. శనివారం ఎందుకంటే, మన వైపు చాలా ఇళ్లలో స్వామికి ఒక్కపొద్దుండే రోజు, ఎవరూ మరిచిపోరు. మర్నాడు బడి ఉండదు కాబట్టి వికారం ఉన్నా బిడ్డ పడుకోవచ్చు. పెద్దలు ఒక్కపొద్దున్నా బిడ్డకు మాత్రం రాత్రి అన్నం పెట్టాకే మాత్ర. వేసిన వెంటనే గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి సున్న చుట్టండి. అమ్మ ఒకసారి, అవ్వ ఒకసారి వేసేయకుండా ఆ సున్నే కాపాడుతుంది. పొరపాటున వరుసగా రెండు మూడు రోజులు వేసినట్టు తెలిస్తే, బిడ్డ బాగానే ఉన్నా ఆగకుండా పెద్దాసుపత్రికి పోండి, విరుగుడు మందు ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత మేలు.

మరిచిపోతే ఆదివారమో సోమవారమో గుర్తొచ్చినప్పుడు వేయొచ్చు. అది కూడా దాటితే ఆ వారం వదిలేసి వచ్చే శనివారం మామూలు మోతాదే వేయండి. రెండు వారాలది కలిపి ఎప్పుడూ వేయకూడదు.

దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. రోజూనో, మర్నాడు ఒకటో, డాక్టరు రాసినట్టు. రెండూ చిన్న మాత్రలే, చూపుకు తేడా తెలియకపోవచ్చు, వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. వికారం ఎక్కువగా ఉంటే మందు ఆపకండి. అదే మోతాదును అదే రోజు రెండుసార్లుగా ఇవ్వొచ్చా, సూదిమందుగా మార్చొచ్చా అని అడగండి. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే ఆమె ఈ మాత్రను చేత్తో నలిపి పొడి చేయకూడదు. పెద్దమనిషైన ఆడపిల్లకు ఇస్తుంటే, ఈ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుందన్న సంగతి ఆ పిల్లకూ తెలియాలి, తర్వాత పెళ్లి మాటలప్పుడు ఎవరూ దాచకూడదు.

రక్తపరీక్షలు, అంటే కణాల లెక్క, కాలేయం పరీక్ష, మొదట్లో నెలకోసారి, అన్నీ బాగుంటే రెండు మూడు నెలలకోసారి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు పచ్చబడటం, తగ్గని పొడిదగ్గు, ఒంటిమీద కారణం లేకుండా కమిలిన మచ్చలు: వీటిలో ఏది వచ్చినా ఆ వారం మాత్ర వేయకముందే డాక్టరుకు ఫోన్ చేయండి. జ్వరానికి ఊళ్లో ఎవరైనా కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పి మార్పించుకోండి, రెండూ కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. వీధిలో ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిస్తే, మీ బిడ్డకు ఇంతకుముందు పోయకపోయి ఉంటే, పొక్కులు రాకముందే డాక్టరుకు చెప్పాలి. అమ్మవారు పోయకుండా వేసే చికెన్‌పాక్స్ టీకా ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, మెథోట్రెక్సేట్ మొదలుపెట్టక ముందే దాని గురించి అడగండి. మొదలుపెట్టాక బతికున్న క్రిములతో చేసే టీకా ఏదైనా అడగకుండా వేయించొద్దు.

మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా వాపును అణచడానికి స్టెరాయిడ్ ఇస్తారు, నోటిద్వారానో, మూడు రోజుల పాటు సెలైన్లోనో. స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. మొహం ఉబ్బిందని మీరే ఒక్కసారిగా ఆపేస్తే బిడ్డ ప్రమాదంలో పడుతుంది. ఆకలి బాగా వేస్తుంది, అప్పుడు చేతికి బేకరీ సరుకు కాకుండా ఉడకబెట్టిన చెనిక్కాయలు, పండ్లు అందేలా చూడండి. ఎముకల కోసం రాగిసంకటి, పెరుగు, మజ్జిగ మంచివి. ఊరగాయ, అప్పడాలు తగ్గించండి. బీపీ చూపిస్తుండాలి.

ఇక అందరూ తప్పే చోటు ఒకటుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు మచ్చ మెత్తబడుతుంది, నేరేడు రంగు అంచు పోతుంది, బిడ్డ హాయిగా ఆడుతుంటుంది. "ఇంకా ఎందుకీ ఇంగ్లీషు మందు" అని ఆపేస్తారు. జబ్బు అణిగిన తర్వాత కూడా కనీసం ఏడాది మందు నడవాలన్నది అవే సిఫార్సులు చెప్పే మాట. మొత్తం మీద రెండు మూడేళ్లు అనుకోండి. నడుమ ఆపితే తిరగబెట్టడం ఎక్కువ. తిరగబెట్టినప్పుడు అది పాత మచ్చ దగ్గరే మొదలవ్వాలని లేదు. మెథోట్రెక్సేట్ పడకపోతే మైకోఫెనోలేట్ లాంటి వేరే మందులు ఉన్నాయి, కాబట్టి పడలేదని వైద్యమే మానుకోవద్దు.

ముదురు గోధుమ రంగు మరక, కాస్త పల్లం మిగిలిపోతాయి. అది జబ్బు వదిలిన గుర్తు, దానికోసం మందు పెంచమని అడగనక్కర్లేదు.

కీళ్లు ముడుచుకోకుండా

మందు వాపును ఆపుతుంది, కీలును చాపేది మాత్రం కసరత్తే. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనెనో వాసన లేని మాయిశ్చరైజరునో రాయండి. చర్మం ఆ వెచ్చదనంలో ఉన్నప్పుడే సాగదీయాలి. మోకాలికైతే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మడమ కింద మడిచిన టవలు పెట్టి, మోకాలి పైభాగాన మీ అరచేయి ఆనించి మెల్లగా కిందికి అదమండి. బిగువు తెలియాలి, బిడ్డ ఏడవకూడదు. 20 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచి వదలండి. కుదుపులు వద్దు. ఇలా ఐదు నుంచి పదిసార్లు, పూటకోసారి, రోజుకు రెండు పూటలు. మొదటి రెండు మూడు సార్లు ఫిజియోథెరపిస్టు ముందు చేసి చూపించి సరిదిద్దించుకోండి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలకూ, కీళ్లకూ, వైకల్యాలకూ ఉన్నదే. చెప్పు ఎత్తు గురించీ, కీలు ముడుచుకోకుండా రాత్రిపూట కట్టే స్ప్లింట్ అనే పట్టీ గురించీ అక్కడ అడగొచ్చు.

ఆటలు మాన్పించకండి. సైకిలు, ఈత, తాడాట అన్నీ మంచివే. అలిపిరి మెట్లు ఎక్కించొచ్చా అని చాలామందికి సందేహం. మెట్లు 3,550. బిడ్డ మామూలుగా నడుస్తుంటే మధ్యమధ్య కూర్చోబెడుతూ ఎక్కించొచ్చు, మోకాలు పూర్తిగా చాపలేని బిడ్డనైతే ఈ ఏడాది బస్సులో తీసుకుపోండి.

వేళ్లు తెల్లబడితే దారి వేరు

మార్గశిరంలో తిరుమల చలికి పుష్కరిణిలో మునిగి లేచిన బిడ్డ వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడి, తర్వాత నీలమై, వెచ్చబడే కొద్దీ ఎర్రబడి తిమ్మిరెక్కితే అది రేనాడ్స్ అనే లక్షణం. ఒక్కటే ఉంటే ప్రతిసారీ పెద్ద జబ్బు కాదు. దానితో పాటు వేళ్లు ఉబ్బి ఉంగరం పట్టకపోవడం, వేలికొనల్లో మానని పుండ్లు, ముఖం బిగుసుకుపోవడం, ముద్ద దిగకపోవడం, ఆడితే ఆయాసం ఉంటే సిస్టమిక్ రకం కోసం వెతకాలి. ఇది నెలల్లో కాదు, రోజుల్లో రుమటాలజిస్టుకు చేరాల్సిన విషయం. గోరు మొదట్లోని సన్నని రక్తనాళాలను భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు, ఊపిరి పరీక్ష, గుండెకు ఎకో చేస్తారు, బీపీ ప్రతిసారీ చూస్తారు. ఈ పిల్లలకు చలికాలంలో చేతికి తొడుగులు, కాళ్లకు మేజోళ్లు వేయండి, చేతులే కాదు, ఒళ్లంతా వెచ్చగా ఉండాలి. ఇంట్లో ఎవరూ బీడీ, సిగరెట్టు కాల్చకూడదు, పొగ ఆ నాళాలను ఇంకా బిగిస్తుంది.

బడిలో

హెడ్మాస్టరుకు ఒక కాగితం రాసివ్వండి: "ఇది చర్మం గట్టిపడే జబ్బు, అంటదు, నెలకో రెండు నెలలకో రక్తపరీక్షకు ఒకరోజు సెలవు కావాలి, తరగతిలో ఎవరికైనా అమ్మవారు పోస్తే మాకు వెంటనే చెప్పండి." అంతకు మించి వివరాలు అక్కర్లేదు. బిడ్డకు మాత్రం ఒక్క వాక్యం నేర్పండి. "ఏమిటే ఆ మచ్చ" అని పక్క పిల్ల అడిగితే "నా చర్మం అక్కడ గట్టిపడింది, మందు వేసుకుంటున్నా, నీకు రాదు" అని తడుముకోకుండా చెప్పగలగాలి. ఇంట్లో రెండు మూడుసార్లు ఆడుకుంటున్నట్టే అడిగి చెప్పిస్తే చాలు.

మందు ఆపాక

డాక్టరు మందు ఆపమన్న రోజు కొత్త ఫోటోలు, కొత్త షీటు, కొత్త కొలతలు తీసి ఫైల్లో పెట్టండి. ఇకమీద పోల్చుకోవాల్సింది వాటితోనే. మొదటి ఏడాది నెలనెలా, తర్వాత మూడు నెలలకోసారి, బిడ్డ ఎత్తు పెరగడం ఆగేదాకా కొలుస్తూ ఉండండి, కొన్నేళ్ల తర్వాత కూడా తిరగబెట్టిన పిల్లలున్నారు. తల, ముఖంమీద గీత ఉన్నవాళ్లు కంటి పరీక్షను డాక్టరు చెప్పిన గడువుకు తప్పకూడదు. పదో తరగతికి వచ్చేసరికి టేపు పట్టడం బిడ్డకే నేర్పి, ఫైలు తన చేతికే ఇవ్వండి.